యంత్రము వ్రాసిన లెక్కకు పూచీదారు డెవడు?

గ్రామమున భూమిగల ప్రతి కుటుంబమునకును ఒకప్పుడు ఒక పుస్తకముమీద దృష్టి యుండెడిది. అది కరణముగారి యింట నుండెడిది. ఎవని చేను ఎన్ని సెంట్లు, దాని హద్దు లెవ్వి, శిస్తెంత, అనుభవమున నున్నవా రెవ్వరు అను సంగతులన్నియు నందుండెడివి. ఆ పుస్తకమన్న రైతునకు భయము. ఒక్క అక్షరము మారినచో ఒక తరము కోర్టులపా లగునని యతడెరుగును. అయినను ఆ భయములో నొక నిబ్బరముకూడ నుండెను. తప్పు వ్రాసిన చేయి యెవరిదో ఊరంతకు తెలియును. ఆ మనుష్యుని ప్రశ్నింపవచ్చును, బ్రతిమాలవచ్చును, పెద్దలయెదుట నిలువదీయవచ్చును, తహసీలుదారునకు అర్జీ పెట్టవచ్చును. నేడా పుస్తకము పోయినది. వ్రాసిన చేయి కంటికి కానరాదు. లెక్క మాత్రము తెరమీద వెలుగుచున్నది. తప్పేమని యడిగినవానికి దొరకు సమాధాన మొక్కటే: "కంప్యూటరులో నట్లున్నది."

డిజిటలీకరణమని పిలువబడుచున్న యీ పరివర్తనమునుగూర్చి స్తుతులు వినుచున్నాము, నిందలును వినుచున్నాము. స్తుతించువారు వేగమును జూపుదురు. నిందించువారు యంత్రమునే దూషింతురు. విచారింపవలసిన ప్రశ్న వీరిరువురి వాదములలోను మరుగుపడుచున్నది. లెక్క యంత్రమున జేరిన పిమ్మట దానిలో తప్పు దొరలినచో దిద్దు నధికార మెవ్వరియొద్ద నుండవలెను? ఆ తప్పువలన నష్టపడినవానికి సమాధానము చెప్పవలసినవా డెవ్వడు? భూమి, పరీక్ష, రేషను అను మూడు విషయములలో తెలుగునాట ఇటీవలి సంవత్సరములందు జరిగిన సంగతులు ఈ ప్రశ్న యెంత గురుతరమైనదో తెలుపుచున్నవి.

దస్త్రమునుండి తెరకు

మునసబు కరణముల, పటేలు పట్వారీల వ్యవస్థను ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 1984లో రద్దుచేసెను. గ్రామలేఖ్యములపై కొన్ని కుటుంబములకుండిన గుత్తాధికారము దానితో అంతరించెను. 1998లో సబురిజిస్ట్రారు కార్యాలయములకు కంప్యూటర్లు వచ్చెను. 2001లో హైదరాబాదునందు ఈ-సేవా కేంద్రములు నెలకొనగా, విద్యుత్తు బిల్లు, నీటి పన్ను మున్నగునవి ఒక్కచోటనే చెల్లించు సౌకర్య మేర్పడెను. అదే కాలమున పొరుగునున్న కర్ణాటకము 'భూమి' యను పథకముక్రింద సుమారు 67 లక్షల రైతులకు సంబంధించిన రెండుకోట్ల లేఖ్యములను యంత్రమున కెక్కించి, దేశమున కొక మాదిరి చూపెను. 2008లో కేంద్రప్రభుత్వము భూలేఖ్యముల నవీకరణమునకై దేశవ్యాప్తమైన కార్యక్రమమును ప్రారంభించెను. 2011లో మీసేవయు, 2015లో ఆంధ్రప్రదేశమున మీభూమియు వచ్చెను.

ఈ మార్పువలన గలిగిన లాభము సామాన్యమైనది కాదు. పూర్వ మొక అడంగలు నకలునకై రైతు ఎన్నిమారులు తిరిగెడివాడో, ఎంత సమర్పించుకొనెడివాడో వృద్ధు లెరుగుదురు. ఒక ఆస్తిమీద పూర్వపు క్రయములు, తాకట్టులు ఏమున్నవో తెలుపు ఈ.సీ. కొరకు గుమాస్తా సంవత్సరముల కొలది సంపుటములను చేతితో తిరుగవేయవలసియుండెను. ఆ పనికి దినములు పట్టెడివి. నేడది గడియలో చేతికి వచ్చుచున్నది. దేశాంతరమున నుద్యోగము చేయు తెలుగువాడు తన తండ్రిపేర నున్న పొలము వివరములను అక్కడనుండియే చూచుకొనగలుగుచున్నాడు. ఎలుకలు కొరికిన పుటలు, చెదలు తినిన దస్త్రములు, అర్ధరాత్రివేళ మార్చిన అంకెలు గల పాతకాలమును తిరిగి కోరువాడు వివేకి కాడు. అయితే చేతివ్రాతలో నుండిన తప్పు యంత్రమున కెక్కినంతమాత్రమున ఒప్పు కాదు. కాగితముమీది కొట్టివేతను జూచినవాడు సందేహించును. తెరమీది చక్కని అక్షరమును జూచి సందేహించుట మానివేయును. తప్పునకు గౌరవము చేకూరుటయే ఈ కాలపు క్రొత్త యపాయము.

ధరణి నేర్పిన పాఠము

తెలంగాణ రాష్ట్రమున 2017 సెప్టెంబరు 15న భూలేఖ్యముల శుద్ధికార్యక్రమ మారంభమయ్యెను. స్వల్పకాలములో గ్రామగ్రామముననున్న లేఖ్యములను పరిశీలించి, వివాదము లేనివాని నొక భాగముగను, వివాదగ్రస్తములను 'పార్టు-బి' యను మరియొక భాగముగను విభజించిరి. 2018 మే నెలలో క్రొత్త పాసుపుస్తకములును, వానితోబాటు ఎకరమునకు పంట కొక్కింటికి 4,000 రూపాయల చొప్పున రైతుబంధు సాయమును ఇయ్యసాగిరి. 2020 సెప్టెంబరులో క్రొత్త చట్టము వచ్చెను. గ్రామ రెవెన్యూ అధికారుల యుద్యోగములు రద్దయ్యెను. రెవెన్యూ కోర్టులును తొలగెను. ఆ సంవత్సరమే అక్టోబరు 29న ధరణి పోర్టలు ప్రారంభమయ్యెను.

దీని సంకల్పము మంచిది. పొలము కొన్నవాడు తహసీలుదారు కార్యాలయముననే రిజిస్ట్రేషను చేయించుకొని, మ్యుటేషనుకూడ అప్పుడే ముగించుకొని యింటికి పోవచ్చును. లంచమున కెడము లేకుండ చేయుట ప్రభుత్వపు టాశయము. లేఖ్యము సరిగానున్న రైతునకు మేలు జరిగిన మాటయు వాస్తవమే. లేఖ్యము తప్పుగానున్న రైతు గతి యేమి?

ఒకని పేరులో అక్షరము మారినది. ఒకని విస్తీర్ణములో గుంటలు తగ్గినవి. ఎప్పుడో అమ్మివేసిన పాత యజమాని పేరే మరల తెరమీద ప్రత్యక్షమైనది. తాతలనాటినుండి దున్నుకొనుచున్న పట్టాభూమి 22-ఏ నిషేధపు జాబితాలో పడినది. సాదాబైనామాతో కొని దశాబ్దములుగా సాగుచేయుచున్నవానికి లేఖ్యమున చోటు లేదు. అనుభవదారుని గడియే తొలగింపబడుటచే కౌలుదారు లెక్కకు రాకపోయెను. ఈ తప్పులలో అనేకములు యంత్రము పుట్టించినవి కావు. పాత పహాణీలలోనివి, హడావుడి పరిశీలనలో చేరినవి. యంత్రము వానిని స్థిరపరచెను. దిద్దవలసిన గ్రామాధికారి ఊరిలో లేడు. తహసీలుదారు నడిగిన, తన తెరమీద నట్టి 'ఆప్షను' లేదనును. అధికారమంతయు జిల్లా కలెక్టరునొద్ద కేంద్రీకృతమైనది. ఒక్కొక్క విధమైన తప్పున కొక్కొక్క 'మాడ్యూలు' చొప్పున క్రమముగా ముప్పదికి పైగా మాడ్యూళ్లు చేరినవి. తన బాధ యే మాడ్యూలుక్రిందికి వచ్చునో తెలియక రైతు మీసేవ కేంద్రముచుట్టు తిరిగెను. పాసుపుస్తకము లేనివానికి రైతుబంధు లేదు, బ్యాంకు ఋణము లేదు, కూతురి పెండ్లికి అరయెకరము అమ్ముకొను స్వాతంత్ర్యమును లేదు. భూమిమీద నిలిచియున్న మనుష్యుడు భూమిలేనివాడయ్యెను.

ఈ చిక్కులను గుర్తించి తరువాత వచ్చిన ప్రభుత్వము భూభారతి యను క్రొత్త చట్టమును చేసి 2025 ఏప్రిలు 14న అమలులో బెట్టెను. తప్పులు దిద్దు నధికారములు క్రిందిస్థాయి కధికారులకు కొంతవరకు పంచబడెను. అప్పీలు చేసికొను మార్గము మరల తెరువబడెను. ఆ జూనులో జరిగిన రెవెన్యూ సదస్సులలో రైతులు లక్షలకొలది దరఖాస్తులు సమర్పించిరి. గ్రామమున నొక పాలనాధికారి యుండుట యవసరమని గుర్తించి అట్టివారిని మరల నియమించిరి. ఏ ప్రభుత్వమును పొగడుటకుగాని తెగడుటకుగాని ఈ సంగతులు చెప్పుట లేదు. ఊరిలోని మనుష్యుని తొలగించి యంత్రమును నిలిపిన రాష్ట్రము ఐదేండ్లు తిరుగకమున్నే ఆ మనుష్యుని మరల వెదకుకొనవలసివచ్చినదన్న సత్యమును పాఠకులు గమనింపగోరుచున్నాము.

హామీలేని పట్టిక

ఆంధ్రప్రదేశపు చరిత్ర వేరొక మార్గమున నదే పాఠము నేర్పుచున్నది. 2020 డిసెంబరు 21న కృష్ణాజిల్లా తక్కెళ్లపాడులో భూముల సమగ్ర పునఃసర్వే ప్రారంభమయ్యెను. గొలుసులతో, టేపులతో కొలిచిన పొలములను డ్రోనులతోను ఉపగ్రహసంకేతములతోను కొలుచుట ఇందలి విశేషము. కొలత సూక్ష్మమైన కొలది, కాగితముమీది విస్తీర్ణమునకును నేలమీది విస్తీర్ణమునకును గల భేదము బయటపడును. ఆ భేదము నెవ్వరి లెక్కనుండి తీసివేయవలెను, ఎవ్వరి లెక్కలో చేర్చవలెను అను నిర్ణయము డ్రోను చేయజాలదు. గట్టుకిరువైపుల నున్న రైతులను కూర్చుండబెట్టి, పాత దస్తావేజులు చూచి, ఇరువురి మాటలును వినిన పిమ్మట నొక అధికారి చేయవలసిన పని యది.

2023 అక్టోబరు 31న అమలునకు వచ్చిన భూయాజమాన్యహక్కుల చట్టమునుగూర్చి న్యాయవాదులు కోర్టులను బహిష్కరించి యాందోళన చేసిరి. హక్కు వివాదములలో సివిలు కోర్టుల యధికారమును తొలగించి అధికారుల చేతిలో బెట్టుట వారి ప్రధానాక్షేపము. 2024లో ప్రభుత్వము మారగా ఆ చట్టమును రద్దుచేసిరి.

ఇందొక మూలసూత్ర మున్నది. మనదేశమున 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టము దస్తావేజును నమోదుచేయునేగాని అమ్మినవానికి హక్కున్నదని హామీ ఇయ్యదు. ప్రభుత్వమే హక్కునకు హామీయుండు పద్ధతిని 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్టు టారెన్సు ప్రవేశపెట్టెను. అక్కడ హామీతోబాటు నొక నిధికూడ నేర్పడెను. పట్టికలోని తప్పువలన నష్టపోయినవానికి ఆ నిధినుండి పరిహార మిచ్చెడివారు. పట్టికయే ప్రమాణమని చెప్పగోరు ప్రభుత్వము, పట్టిక తప్పినచో నష్టము భరింతునని కూడ చెప్పవలెను. మొదటి మాట చెప్పి రెండవ మాట దాటవేయుట న్యాయము కానేరదు.

ఇంగ్లండు తపాలావారి కథ

ఇట్టి యిక్కట్లు బీదదేశములలోనే కలుగునని కొంద రనుకొందురు. న్యాయపాలనకు ప్రసిద్ధికెక్కిన ఇంగ్లండులో జరిగినదానిని చూడుడు. అక్కడ గ్రామములందును చిన్నపట్టణములందును తపాలా దుకాణములను ఒప్పందముమీద నడపు సబ్‌పోస్టుమాస్టరు లుందురు. 1999నుండి వారి లెక్కల కొరకు 'హొరైజన్' అను కంప్యూటరు పద్ధతిని ప్రవేశపెట్టిరి. దాని లోపములవలన దుకాణములలో లేని లోటు లెక్కలలో కనబడజొచ్చెను. సాయంకాలము సొమ్ము లెక్కించి, తెరమీది యంకెతో సరిపోక, తెల్లవారునంతవరకు మరల మరల లెక్కించినవా రెందరో. లోటును తమ జేబులనుండి పూరించినవారు, ఇండ్లు తాకట్టుపెట్టినవారు, దివాలా తీసినవారు ననేకులు. తపాలాసంస్థ వారిని దొంగలని యెంచి అభియోగములు మోపెను. 1999 మొదలు 2015వరకు తొమ్మిదివందలమందికి పైగా శిక్షలు పడెను. కొందరు చెరసాలలకు పోయిరి. కొందరు తీర్పు మారకముందే లోకమును విడిచిరి.

ఇంతటి యన్యాయ మెట్లు జరిగెను? మొదటికారణము చట్టమున గలదు. కంప్యూటరు సక్రమముగా పనిచేయుచున్నదని దాని లెక్కను సాక్ష్యముగా దెచ్చువాడు నిరూపింపవలెనను నియమము 1984నుండి అచ్చట నుండెను. దానిని 1999లో తొలగించిరి. యంత్రము సరిగానే యున్నదని న్యాయస్థానము ముందుగా భావించును. తప్పున్నదని చూపవలసిన భారము నిందితునిమీద పడును. తన యధీనములో లేని యంత్రము లోపలి తప్పును ఒక చిల్లర దుకాణదారు చూపుట యెట్లు? రెండవకారణము సంస్థయొక్క స్వభావమున గలదు. ఫిర్యాదు చేసినవారితో, ఇట్టి యిబ్బంది మీయొక్కరికే వచ్చినదని చెప్పిరి. పైవారికి తప్పు తెలిసిన పిమ్మటను సంస్థ గౌరవము కాపాడుకొనవలెనను పట్టుదల సత్యమును మించెను. ఆలన్ బేట్స్ అను పూర్వపు సబ్‌పోస్టుమాస్టరు నాయకత్వమున 555 మంది కలసి వ్యాజ్యము వేయగా, 2019 డిసెంబరులో ఉన్నతన్యాయస్థానము ఆ యంత్రపద్ధతి లోపములు గలదని తేల్చెను. చివరకు 2024 మే నెలలో పార్లమెంటు ప్రత్యేకమైన చట్టముచేసి ఆ శిక్షలను మూకుమ్మడిగా కొట్టివేసెను. పోయిన యిరువదియేండ్ల మానమర్యాదలను ఏ చట్టము తిరిగి యీయగలదు?

పిల్లల మార్కులు

మన విద్యారంగమున 2019 ఏప్రిలు 18న వెలువడిన తెలంగాణ ఇంటర్మీడియటు ఫలితములను తల్లిదండ్రులు మరచియుండరు. తొమ్మిదిలక్షలకు పైగా విద్యార్థులు వ్రాసిన పరీక్షల ఫలితములను సిద్ధపరచు పనిని ఒక క్రొత్త సాఫ్టువేరున కప్పగించిరి. ఫలితములు వచ్చిన పిమ్మట పరీక్షకు హాజరైనవారు రానట్లును, మొదటి సంవత్సరమున ఉత్తమశ్రేణిలో నిలిచినవారు తప్పినట్లును కనబడెను. ఇరువదిమందికి పైగా పిల్లలు ఆ రోజులలో ప్రాణములు తీసికొనిరి. ప్రతి మరణమునకును యంత్రపు తప్పే కారణమని చెప్పుట సత్యము కాదు. చెప్పకుండుటకును వీలులేని దింకొకటి కలదు. ఆ దినములలో ఏ విద్యార్థియు తన మార్కులు తనవేనని నమ్మగలిగిన స్థితి లేకపోయెను. ప్రభుత్వము నియమించిన త్రిసభ్యసంఘము సాఫ్టువేరు లోపములనుగూర్చి నివేదించెను. తప్పినవారందరి సమాధానపత్రములను రుసుము లేకుండ మరల పరిశీలింపగా, వేయిమందికి పైగా ఉత్తీర్ణులైరి.

ఇక్కడను తప్పు యంత్రమున కొక్కదానికే చెందలేదు. మార్కులను వృత్తములుగా నింపిన చేతులు తొందరపడినవి. పరీక్షించి చూడవలసినవారు చూడలేదు. పూర్వపు పద్ధతికి ప్రక్కనే క్రొత్తదానిని నడిపి రెంటిని సరిపోల్చిన తరువాతనే పాతదానిని విడువవలెనన్న సామాన్యవివేకము లోపించినది. ఒక బ్యాంకు గుమాస్తాకూడ క్రొత్త ఖాతాపుస్తకమును తెరచినప్పుడు పాతదానితో నిలువలు సరిచూచుకొనును.

దేశవ్యాప్తమైన 2017–18 నమూనా పరిశీలనలో పల్లెలయందు వందకు 15 కుటుంబములకు మాత్రమే ఇంటర్నెట్టు వసతి యుండెనని తేలెను. కంప్యూటరు గలవి వందకు ఐదైనను లేవు. 2020లో కరోనా వ్యాధివలన బడులు మూతపడి పాఠములు తెరలమీదికి మారినప్పుడు ఈ యంకెల యర్థము ప్రతి గ్రామమునకు తెలిసివచ్చెను. ఇంటిలోనున్న ఒక్క ఫోను అన్నకా, చెల్లెలికా యను ప్రశ్న పుట్టినచోట సమాధానము సామాన్యముగా చెల్లెలికి అనుకూలము కాలేదు. పాఠము ప్రసారమైనట్లు లెక్కలో చేరెను. పిల్లవానికి చేరినదో లేదో యా లెక్కకు తెలియదు. అది తెలిసికొనగలవాడు ఆ పిల్లవాని మొగము చూచు ఉపాధ్యాయు డొక్కడే.

పేదవాని కార్డు

రేషను విషయ మింకను కఠినమైనది. తెలంగాణమున వివిధశాఖల లెక్కలను కంప్యూటరుచే పోల్చిచూచి అనర్హులని తోచినవారి ఆహారభద్రతా కార్డులను రద్దుచేసిరి. ఇంటికి వచ్చి చూచినవారు లేరు, ముందుగా నోటీసు లేదను ఫిర్యాదు సుప్రీముకోర్టువరకు పోయెను. రద్దయిన సుమారు 19 లక్షల కార్డులనుగూర్చి క్షేత్రస్థాయిలో తిరిగి విచారణ జరుపవలసినదని ఆ న్యాయస్థానము 2022 ఏప్రిలులో ఆదేశించెను. రెండుచోట్ల నొకే పేరుండిన యంత్రము వారిద్దరిని ఒక్కరిగా నెంచవచ్చును. మన గ్రామములలో వెంకటయ్య లెందరు, లక్ష్మమ్మ లెందరు! ఆ యిద్దరు లక్ష్మమ్మలును వేరువేరని ఊరి యుపాధ్యాయునకు, తపాలా బంట్రోతునకు, ఇరుగుపొరుగు వారికి ఒక్క చూపులో తెలియును.

వేలిముద్రల సంగతియు నట్టిదే. నాట్లువేసి, రాళ్లుమోసి అరిగిన వ్రేళ్లరేఖలను యంత్రము గుర్తింపని సందర్భము లున్నవి. 2018 సెప్టెంబరు 26న ఆధారు చట్టమునుగూర్చి తీర్పు చెప్పుచు సుప్రీముకోర్టు, గుర్తింపు కుదరలేదను కారణమున అర్హునకు లబ్ధి నిరాకరింపబడదను ప్రభుత్వపక్షపు హామీని నమోదుచేసెను. ఆ హామీ ఢిల్లీలో నున్నది. బియ్యపు సంచి డీలరు దుకాణమున నున్నది. రెంటికి నడుమ నొక మనుష్యుడు నిలిచి, "ఈమెను నే నెరుగుదును, బియ్య మిమ్ము" అని చెప్పగలుగు నధికారము లేనిచో ఆ హామీ కడుపు నింపదు.

ఊరివారి ముందర చదివిన లెక్క

యంత్రమును మనుష్యుని న్యాయబుద్ధితో కలిపి నడిపిన యుదాహరణముకూడ తెలుగునాటనే గలదు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లిలో జాతీయ గ్రామీణోపాధి హామీ పథకము ప్రారంభమయ్యెను. ఆ పథకపు హాజరుపట్టీలను, కూలి చెల్లింపులను ఆంధ్రప్రదేశము మొదటినుండి కంప్యూటరున కెక్కించెను. అంతటితో నిలువక, సామాజిక తనిఖీ యను పద్ధతిని అవలంబించి, 2009లో దానికై స్వతంత్రమైన సొసైటీని స్థాపించెను. యంత్రమునుండి అచ్చువేసిన పట్టికలను చేతబట్టుకొని శిక్షణపొందిన యువకులు ఇల్లిల్లు తిరిగి, "అమ్మా, నీవు పదిదినములు పని చేసినట్లు ఇక్కడ నున్నది, నిజమేనా?" అని అడిగెడివారు. పిమ్మట గ్రామసభలో ఆ లెక్కను బిగ్గరగా చదివెడివారు. చచ్చినవారి పేర కూలి వ్రాసినను, చేయని పనికి సొమ్ము డ్రా చేసినను ఊరు విని చెప్పెడిది.

ఇందులో యంత్రము సేవకుడై యుండెను. లెక్కను త్వరగా, దాచకుండ, చెరగకుండ తెచ్చి ఊరి ముందర పెట్టెను. నిజానిజములు తేల్చినది గ్రామము. ధరణిలో లోపించినది, ఇంగ్లండు తపాలాశాఖలో లోపించినది ఇదియే.

చేయవలసినది

మన చట్టముకూడ ఈ ధర్మమును కొంతవరకు గుర్తించినది. 2024 జూలై 1నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమపు 63వ విభాగముప్రకారము కంప్యూటరు లేఖ్యమును న్యాయస్థానమున సాక్ష్యముగా దాఖలుచేయువారు దానితో నొక ధ్రువపత్రము జతపరుపవలెను. ఆ యంత్రమునకు బాధ్యుడైన మనుష్యుడును, నిపుణుడును దానిపై సంతకము చేయవలెను. న్యాయస్థానమున నున్న యీ మర్యాద తహసీలులోను, పరీక్షల బోర్డులోను, రేషను దుకాణమునను ఏల యుండరాదు?

ప్రభుత్వములను మే మడుగునవి నాలుగు. యంత్రలేఖ్యమువలన ఒకని హక్కునకు భంగము కలుగబోవునప్పుడు ముందుగా అతనికి తెలుగులో నోటీసు ఇయ్యవలెను. తప్పును దిద్దగలిగిన అధికారి మండలస్థాయికి మించని దూరమున నుండవలెను. అతడు కారణము వ్రాసి, పేరు వ్రాసి, సంతకము చేయవలెను. క్రొత్త పద్ధతి స్థిరపడువరకు పాత లేఖ్యమును నశింపజేయరాదు, నిరాకరింపరాదు. ప్రతి సంవత్సర మొకసారి భూమి పట్టికను, రేషను పట్టికను గ్రామసభలో చదివి వినిపింపవలెను. వీనిలో దేనికిని గొప్ప ధనవ్యయ మక్కరలేదు. తప్పు జరుగవచ్చునని యొప్పుకొను వినయమొక్కటి చాలును.

ప్రభుత్వమున కెంత బాధ్యత గలదో చదువరులైన భూస్వాములకును పట్టణవాసులకును అంత బాధ్యత గలదు. మీ పొలపు సర్వేనంబరు, విస్తీర్ణము, పేరు పోర్టలులో సరిగానున్నవో లేదో సంవత్సరమున కొకసారి చూచుకొని ధ్రువీకృతమైన నకలు తీసి పాత దస్తావేజులతో భద్రపరచుకొనుడు. అంతటితో మీ పని తీరదు. మీ పొలమున కౌలుచేయువాడు, మీ యింట పనిచేయునామె, మీ వీధి చివర చెప్పులు కుట్టువాడు తమ పేరు లెక్కలో నున్నదో లేదో చూచుకొనలేరు. వారికి తెర తెలియదు. తెరమీది భాష తెలియదు. కేంద్రమునకు పోయినచో చూచిపెట్టినందులకు రుసుము, దిద్దించెదనన్నందులకు మరికొంత. అక్షరము నేర్చినవాడు ఆ ఒక్క గడియ పొరుగువాని కొరకు వెచ్చించినచో దళారి నోరు మూతపడును. 2005వ సంవత్సరపు సమాచారహక్కు చట్టము చేతనే యున్నది. తప్పు లెక్క ఎవరి యుత్తరువుచే చేరెనో పది రూపాయల దరఖాస్తుతో అడుగవచ్చును.

పూర్వము కరణము పుస్తకము తెరచినప్పుడు రైతు అరుగుమీద కూర్చుండి, తన పేరు చదువువరకు లేచెడివాడు కాడు. అక్షరము రాకున్నను చెవి యొగ్గి వినెడివాడు. ఆ జాగ్రత్త నేడు మనకు రెండింతలు కావలెను. యంత్రము అలసిపోదు, లంచమడుగదు. అట్లే సిగ్గుపడదు, జాలిపడదు, తాను పొరబడితినని తనంతట చెప్పదు. ఆ మాట చెప్పవలసినవాడు దానివెనుక కూర్చున్న మనుష్యుడు. అతనిని వెదకి, పేరుపెట్టి పిలిచి, సమాధాన మడుగుట స్వతంత్రదేశమున ప్రతి పౌరుని హక్కు. "కంప్యూటరులో నట్లున్నది" అను మాటతో మాత్రము మనము ఏ కార్యాలయపు మెట్లును దిగిరాకుందుము గాక!